హ్యాండీక్యామ్‌లో డిస్క్ మార్పించే ముందు పాత డిస్క్‌లో ఏముందో చూసుకోండి

సంపాదకులకు నమస్కారం.

పాత హ్యాండీక్యామ్‌లోని హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని, చిప్పులతో పనిచేసే నిల్వ) వేయిస్తే కెమెరా కొత్తదైపోతుందనే మాట ఈ మధ్య బెంగళూరులో తరచూ వినిపిస్తోంది. ఆ మాట నమ్మి ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారైన ఎస్పీ రోడ్డుకు కెమెరా పట్టుకొచ్చేవారిలో మన తెలుగు కుటుంబాలవాళ్లూ బాగానే ఉంటున్నారు. అందులో నిజం కొంతే. డిస్క్ మార్చవచ్చు, ఆగిపోయిన కెమెరా మళ్లీ నడుస్తుంది. బొమ్మ మాత్రం పిసరంత కూడా మెరుగుపడదు. ఈ తొందరలో పాత డిస్క్‌లో ఉన్న పెళ్లిళ్లు, బారసాలలు, ఇప్పుడు మన మధ్య లేని తాతల, అమ్మమ్మల గొంతులు పోతున్నాయి. వీడియో పరికరాల మరమ్మతు పనిలో ఉన్న మాకు అది బాధగా ఉంది. అందుకే ఈ ఉత్తరం కాస్త వివరంగా రాస్తున్నాం. పొడవైనా దయచేసి ప్రచురించండి.

ముందు ఏ కెమెరాల గురించి మాట్లాడుతున్నామో చెప్పాలి. 2004లో వచ్చిన జేవీసీ ఎవెరియో తొలి మోడళ్లు జీజెడ్-ఎంసీ100, ఎంసీ200లలో 4 జీబీ మైక్రోడ్రైవ్ ఉండేది. అది బయటికి తీయగలిగే డిస్క్, కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు స్లాట్‌లోనే కూర్చుంటుంది. వాటికి విప్పే పనే లేదు. ఆ తర్వాత వచ్చిన జేవీసీ జీజెడ్-ఎంజీ వరుస, సోనీ డీసీఆర్-ఎస్‌ఆర్, హెచ్‌డీఆర్-ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్ వరుసలు వేరు. వాటిలో 1.8 అంగుళాల డిస్క్ లోపలే బిగించి ఉంటుంది. 20 జీబీతో మొదలై 2008 నాటి ఎస్‌ఆర్12లో 120 జీబీకి, 2009 నాటి ఎక్స్‌ఆర్520లో 240 జీబీకి చేరింది. తర్వాత మెమరీ కార్డులు వచ్చి ఈ డిస్కులను పక్కకు నెట్టాయి. ఇప్పుడు 1.8 అంగుళాల డిస్కులు కొత్తవి తయారు కావడం లేదు. బజారులో దొరికేవి పాత నిల్వలు, లేదా మరో యంత్రంలోంచి తీసినవి.

ఎస్‌ఎస్‌డీతో బొమ్మ ఎందుకు మారదో లెక్క చూస్తే తెలిసిపోతుంది. మామూలు నాణ్యత కెమెరా తన అత్యుత్తమ స్థాయిలో సెకనుకు సుమారు 9 మెగాబిట్లు రాస్తుంది, అంటే ఒక మెగాబైట్‌కు కాస్త ఎక్కువ. గంటకు 4 జీబీ చొప్పున 30 జీబీ డిస్క్ ఏడు గంటలు వస్తుంది. హెచ్‌డీ కెమెరా 16 మెగాబిట్లు రాసినా సెకనుకు 2 మెగాబైట్లే. నిమిషానికి 4,200 చుట్లు తిరిగే పాత డిస్క్‌కు కూడా ఇది సునాయాసం. బొమ్మ నాణ్యతను నిర్ణయించేవి లెన్సు, సెన్సరు, కుదింపు చిప్పు. వాటిని ఎవరూ మార్చడం లేదు కదా.

కదిలే భాగాలు లేని నిల్వ వేస్తే లాభాలు ఉన్నాయి, అవి వేరే. డిస్క్ తిరిగే సన్నని రొద మైకులోకి రాదు. కింద పడితే, డిస్క్‌ను చదివే తల లోపల తిరిగే పళ్లెం మీద గీసుకుపోయే ప్రమాదం ఉండదు. ఎత్తు ప్రదేశాల ఇబ్బంది కూడా తొలగుతుంది. హార్డ్‌డిస్క్‌లో చదివే తల పలుచని గాలి పొర మీద తేలుతూ ఉంటుంది. గాలి పలచబడితే ఆ పొర నిలవదు. అందుకే 3,000 మీటర్లు దాటిన చోట ఆన్ చేయవద్దని ఈ తరం మాన్యువళ్లు చాలావాటిలో రాసి ఉంటుంది. బెంగళూరు 900 మీటర్ల ఎత్తులోనే ఉంది కాబట్టి ఇక్కడ ఏ ఇబ్బందీ లేదు. కేదార్‌నాథ్ మాత్రం 3,583 మీటర్లు. యాత్రకు ఈ కెమెరా తీసుకెళ్లి, అక్కడ ఆన్ చేసి డిస్క్ పోగొట్టుకోవద్దు. అదుర్లకూ ఇది తట్టుకోదు. స్పీకరు పక్కనే నిలబడితేనో, గట్టిమేళం మోగుతుంటే డోలు దగ్గరికి పోతేనో రికార్డింగ్ మధ్యలో ఆగవచ్చు. తాళి కట్టే క్షణంలో ఆగితే మళ్లీ తీయలేం.

ఇక అసలు పని. కెమెరా ఇంకా ఆన్ అవుతుంటే స్క్రూ డ్రైవరు ముట్టుకోవద్దు, ముందు కాపీ చేసుకోండి. బ్యాటరీ మీద కాకుండా కెమెరాతో వచ్చిన ఏసీ అడాప్టర్ పెట్టండి. కాపీ మధ్యలో కరెంటు పోతే ఫైళ్ల పట్టిక దెబ్బతింటుంది. కొన్ని సోనీ మోడళ్లలో యూఎస్‌బీ సాకెట్ కెమెరాకు ఉండదు, కింద పెట్టే పీఠానికి ఉంటుంది. ఆ పీఠం పోయిందని కెమెరా పారేసేవారు ఉన్నారు. వద్దు, డిస్క్ బయటికి తీసి చదివే దారి కింద చెబుతాం. కంప్యూటర్‌లో డిస్క్ కనబడగానే వీడియో ఫైళ్లు ఏరుకోకుండా మొత్తం ఫోల్డర్ల చెట్టును ఉన్నదున్నట్టు కాపీ చేయండి. కారణం ఉంది. జేవీసీ మామూలు నాణ్యత వీడియోను ఎంఓడీ ఫైలుగా రాస్తుంది, పక్కనే ఎంఓఐ అనే చిన్న ఫైలు పెడుతుంది. వెడల్పు బొమ్మ అన్న సమాచారం ఆ చిన్న ఫైలులో ఉంటుంది. అది వదిలేస్తే మనుషులు సన్నగా, పొడుగ్గా సాగిపోయి కనబడతారు. ఎంఓడీ అన్న తోకను ఎంపీజీ అని మార్చితే చాలా ప్లేయర్లలో వీడియో ఆడుతుంది. హెచ్‌డీ కెమెరాలైతే పొడవైన వీడియోను ముక్కలుగా కోసి రాస్తాయి. ముక్కలను విడిగా పెడితే అతుకు దగ్గర క్షణం పాటు శబ్దం తెగుతుంది. అసలు ఫోల్డర్లు అలాగే ఉంటే సాఫ్ట్‌వేర్ వాటిని సరిగా కలుపుతుంది. ఈ కాపీ రెండు చోట్ల పెట్టండి.

కెమెరా తెర మీద డేటాబేస్ రిపేరు చేయమంటారా అని అడిగినా, కంప్యూటర్ ఫార్మాట్ చేయమంటారా అని అడిగినా వెంటనే సరే నొక్కవద్దు. రెండూ డిస్క్ మీద కొత్తగా రాసే పనులే. వీలైతే ముందు కాపీ, తర్వాతే రిపేరు.

డిస్క్ టక్ టక్ మని కొట్టుకుంటుంటే పదే పదే ఆన్ చేయకండి. ప్రతిసారీ తల మరింత చెడుతుంది. ఫ్రిజ్‌లో పెడితే పని చేస్తుందన్న పాత చిట్కాను అసలు పాటించవద్దు. బయటికి తీయగానే లోపల తేమ చేరుతుంది, ఆ తర్వాత చెడిన డిస్క్‌ల నుంచి డేటా తీసే ప్రయోగశాల వాళ్లు కూడా చేసేదేమీ మిగలదు. చప్పుడు లేకుండా తిరుగుతూ, చదవడంలో మాత్రం తడబడుతుంటే ఆశ ఉంది. డిస్క్ బయటికి తీసి, 1.8 అంగుళాల జిఫ్ డిస్కును (సన్నని పట్టీ తీగ దూరే సాకెట్ ఉన్నది) యూఎస్‌బీకి కలిపే అడాప్టర్‌కు తగిలించండి. ఇక్కడ వోల్టేజి చాలా ముఖ్యం. ఈ డిస్కులు 3.3 వోల్టులతో నడుస్తాయి. ల్యాప్‌టాప్‌ల 2.5 అంగుళాల ఐడీఈ (పాత తరం డిస్క్ కలిపే పద్ధతి) డిస్కులకు 5 వోల్టులు కావాలి. వోల్టేజి తగ్గించే భాగం లేని చవక మార్పిడి ముక్కను నేరుగా 5 వోల్టులకు తగిలిస్తే, అప్పటిదాకా బతికి ఉన్న డిస్క్ ఆ క్షణంలోనే పోతుంది. కొనేముందు 3.3 వోల్టులు ఇస్తుందా అని అడగండి, మీటరు ఉంటే చూడండి.

తర్వాత లినక్స్‌లో (విండోస్ బదులు వాడే ఉచిత వ్యవస్థ) డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో డిస్క్ మొత్తాన్ని ఒకే ఇమేజ్ ఫైలుగా, అంటే అచ్చు నకలుగా, దించుకోండి. ఇది చదవగలిగిన భాగాలను ముందు తీసుకుని, మొండికేసిన చోట్లకు తర్వాత తిరిగి వస్తుంది. మామూలు కాపీ అయితే మొదటి చెడు భాగం దగ్గరే గంటల తరబడి నిలబడి డిస్క్‌ను చంపేస్తుంది. చెరిగిపోయిన వీడియోలను వెతికే పని, ఫోటోరెక్ లాంటి ప్రోగ్రాంతో, ఆ ఇమేజ్ మీద చేయండి. అసలు డిస్క్ మీద చేయవద్దు. పొరపాటున ఫార్మాట్ అయిన డిస్క్‌లో కూడా, ఆ తర్వాత ఏమీ రికార్డు చేయకపోతే, వీడియో చాలావరకు అలాగే ఉంటుంది. ఒక్కటి మినహాయింపు. సోనీ మెనూలో ఎంప్టీ అని ఒకటి ఉంటుంది. అది డిస్క్ అంతటా తిరిగి రాస్తుంది, దాని తర్వాత దొరకదు.

ఇదంతా అయ్యాక, డిస్క్ నిజంగా మార్చాలా అన్నది ఆలోచించండి. మా అభిప్రాయంలో చాలామందికి అవసరం లేదు. జేవీసీ జీజెడ్-ఎంజీ వరుసలో చాలా మోడళ్లకు ఎస్‌డీ కార్డు స్లాట్ ఉంది. సోనీ ఎస్‌ఆర్11, ఎస్‌ఆర్12లలో మెమరీ స్టిక్ ప్రో డ్యుయో మీద వీడియో రాయవచ్చు. మెనూలో రికార్డింగ్ మీడియాను కార్డుకు మార్చితే సరి, ఒక్క స్క్రూ కూడా విప్పనక్కర్లేదు. అయితే 2006కు ముందు రూపొందిన మోడళ్లు మామూలు ఎస్‌డీ కార్డులనే గుర్తిస్తాయి, వాటి హద్దు 2 జీబీ. ఎస్‌డీహెచ్‌సీ (ఎక్కువ సామర్థ్యపు ఎస్‌డీ కార్డు) అన్న గుర్తు ఉన్న మోడల్ అయితే 32 జీబీ దాకా వెళ్లవచ్చు. తొలి డీసీఆర్-ఎస్‌ఆర్ మోడళ్లు కొన్నింటిలో మెమరీ స్టిక్ మీద ఫోటోలు మాత్రమే పడతాయి. ఈ మూడో రకం వాళ్లకే లోపలి డిస్క్ మార్చే అవసరం నిజంగా వస్తుంది.

డిస్క్ కొనేటప్పుడు నాలుగు విషయాలు కలవాలి. ఒకటి కనెక్టరు. కెమెరాల్లో ఎక్కువగా కనబడేది 40 గీతల పట్టీ దూరే జిఫ్ సాకెట్. అదే కొలతలో 50 సూదుల పాత తోషిబా రకం ఉంది, మైక్రో సాటా రకం ఉంది. చూడ్డానికి అన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ ఒకదాని బదులు ఒకటి పని చేయదు. రెండోది మందం. వెడల్పు 54 మిల్లీమీటర్లు. మందం ఒకే పళ్లెం ఉంటే 5 మిల్లీమీటర్లు, రెండు పళ్లేలుంటే 8. తోషిబా లేబుల్ మీద మోడల్ సంఖ్య చివర జీఏఎల్ అని ఉంటే పలుచనిది, జీఏహెచ్ అని ఉంటే మందమైనది. పలుచని దాని చోట మందమైనది పట్టదు, మూత మూసుకోదు. బలవంతంగా మూస్తే పై రేకు నొక్కుకుని పళ్లేన్ని తాకుతుంది. మందమైన దాని చోట పలుచనిది పెట్టవచ్చు, మిగిలిన 3 మిల్లీమీటర్లకు మెత్తని స్పాంజి పెట్టాలి. అట్ట ముక్క పెట్టవద్దు. పై రేకు మీద ఒక సన్నని గాలి రంధ్రం ఉంటుంది, దాని మీద టేపు అంటించవద్దు.

మూడోది సామర్థ్యం. కెమెరా లోపలి పాత ప్రోగ్రాం (ఫర్మ్‌వేర్) 28 బిట్ల చిరునామాలే వాడితే 137 జీబీకి మించి చూడలేకపోతుంది. కొన్ని మోడళ్లు అంతకంటే ముందే మొండికేసి, పెద్ద డిస్క్ చూడగానే ఫార్మాట్ లోపం చూపిస్తాయి. ఉన్నదానికి సమానమైనది, మహా అయితే రెట్టింపుకు మించనిది తీసుకోవడం క్షేమం. 30 జీబీ కెమెరాలో 240 జీబీ వేయించుకోవాలన్న ఆశ డబ్బు వృథా. నాలుగోది డిస్క్ ఆరోగ్యం. వాడినదే దొరుకుతుంది కాబట్టి, కొట్లోనే యూఎస్‌బీకి తగిలించి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ప్రోగ్రాంలో చూడమనండి. చెడిపోయి మార్చిన సెక్టార్లు (డిస్క్‌లోని చిన్న భాగాలు), చదవలేక పెండింగ్‌లో ఉన్న సెక్టార్లు రెండూ సున్నా ఉండాలి. నడిచిన గంటలు వేలల్లో ఉంటే ధర తగ్గించమనడం కాదు, వద్దనండి. ఐదో తరం వీడియో ఐపాడ్‌లోంచి తీసిన డిస్కులు 40 గీతల జిఫ్ రకమే. కొందరు అవే అమ్ముతారు. ఆరోగ్యం బాగుంటే వాటితో ఇబ్బంది లేదు.

కదిలే భాగాలు లేనిదే కావాలంటే ఎం-సాటా ఎస్‌ఎస్‌డీ (చిన్న పలక రూపంలో ఉండే ల్యాప్‌టాప్ రకం) కంటే కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు మేలని మా అనుభవం. కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు పుట్టుకతోనే ఐడీఈ భాష మాట్లాడుతుంది, 3.3 వోల్టులతో నడుస్తుంది. దాన్ని జిఫ్ పట్టీకి కలిపే పలక చాలు. ఎం-సాటాకు మధ్యలో భాష మార్చే చిప్పు కావాలి, రాసేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది. కెమెరా లోపలి సరఫరా అంత ఇవ్వలేక రికార్డింగ్ మధ్యలో ఆగిపోతుంది. కార్డులోనూ తేడా ఉంది. మామూలు కార్డులు తమను తాము తీసివేయదగినవని చెప్పుకుంటాయి, కొన్ని కెమెరాలు దాన్ని ఒప్పుకోవు. పారిశ్రామిక రకం కార్డులు స్థిర డిస్క్‌నని చెబుతాయి. వాటి ధర ఎక్కువైనా అవే తీసుకోండి. పలక కూడా డీఎంఏ గీతలు (డేటాను వేగంగా పంపేందుకు వాడేవి) కలిపినదై ఉండాలి. చవకరకం వాటిలో ఆ గీతలు వదిలేస్తారు, కెమెరా స్టార్ట్ అవుతుంది కానీ రాయడం మొదలుపెట్టగానే బిగుసుకుపోతుంది.

విప్పే పనిలో అన్నిటికంటే ముందు ప్రాణం సంగతి. ఫోటో ఫ్లాష్ ఉన్న మోడళ్లలో ఫ్లాష్ కెపాసిటర్ 300 వోల్టుల దాకా పట్టి ఉంచుతుంది. బ్యాటరీ తీసేసినా ఆ ఛార్జి కొంతకాలం ఉంటుంది. ఫ్లాష్ ఉన్న కెమెరాను అలవాటు లేనివారు ఇంట్లో విప్పవద్దు. ఈ మాట మొహమాటం లేకుండా చెబుతున్నాం. ఫ్లాష్ లేని మోడల్ అయితే బ్యాటరీ, అడాప్టర్ తీసేసి పని మొదలుపెట్టండి. జపాన్ కెమెరాల స్క్రూలకు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) మొన ఉన్న స్క్రూ డ్రైవరు కావాలి. మామూలు ఫిలిప్స్ మొన జారి తల అరిగిపోతుంది, అరిగితే తీయడం రెండింతల పని. స్క్రూలు చేతి పట్టీ కింద, బ్యాటరీ గూటిలో, రబ్బరు మూతల కింద దాగి ఉంటాయి. వాటి పొడవులు రకరకాలు. ఒక కాగితం మీద కెమెరా బొమ్మ గీసి, తీసిన స్క్రూను ఆ చోటే అంటించండి. పొడవు స్క్రూ పొట్టి దాని చోట బిగిస్తే లోపలి బోర్డును గుచ్చుతుంది.

మూత ఒక్కసారిగా లాగవద్దు, రెండు సగాల మధ్య పట్టీ తీగలు ఉంటాయి. జిఫ్ సాకెట్‌కు చిన్న తాళం రెక్క ఉంటుంది. గోటితో పైకి లేపాలి, కొన్నింటిలో పక్కలకు జరపాలి. తాళం తీయకుండా పట్టీ లాగితే సాకెట్ ఊడి వస్తుంది. పట్టీ ఏ వైపు లోహపు గీతలు పైకి ఉన్నాయో ఫోన్‌తో ఫోటో తీసుకున్నాకే తీయండి. డిస్క్ నాలుగు మూలలా ఉన్న రబ్బరు దిండ్లను కొత్త డిస్క్‌కు తొడగాలి. వాటిని పక్కన పడేసి జిగురు టేపుతో అంటించిన కెమెరాలు మరమ్మతుకు తరచూ వస్తుంటాయి. చిన్న కుదుపుకే అవి ఆగిపోతాయి. ఇంకో మాట, డిస్క్ లోపం అని చూపించే కెమెరాల్లో కొన్నింటికి డిస్క్ బాగానే ఉంటుంది, పట్టీ వదులై ఉంటుంది. కాబట్టి కొత్తది బిగించే ముందు పాత డిస్క్‌నే పట్టీ తీసి, మళ్లీ గట్టిగా కూర్చోబెట్టి ఒకసారి చూడండి.

కొత్త డిస్క్‌లో పాత విండోస్ భాగాలు (పార్టిషన్లు) ఉంటే కెమెరా గుర్తించకపోవచ్చు. మేం చేసే పద్ధతి ఇది. పాత డిస్క్ చదవగలిగితే దాని ఇమేజ్‌నే కొత్త డిస్క్‌లోకి సెక్టార్ల వారీగా దించుతాం. కెమెరా దాన్ని తన డిస్క్‌గానే చూస్తుంది. తర్వాత ఏసీ అడాప్టర్ పెట్టి, కెమెరా మెనూలోంచే ఫార్మాట్ చేస్తాం. పాతది పూర్తిగా పోతే కొత్త డిస్క్ మీద ఒకే ఎఫ్‌ఏటీ32 (ఫైళ్లను అమర్చే ఒక పద్ధతి) భాగం చేసి పెడతాం. విండోస్ ఫార్మాట్ పెట్టె 32 జీబీకి మించి ఎఫ్‌ఏటీ32 ఇవ్వని కంప్యూటర్లే ఎక్కువ, లినక్స్‌లో ఆ ఇబ్బంది లేదు. ఏం చేసినా చివరి ఫార్మాట్ కెమెరాదే కావాలి. కార్డు వేసిన కెమెరాలో డ్రాప్ సెన్సరును మెనూలో ఆఫ్ చేయాలి. లోపల పళ్లెం లేకపోయినా, కెమెరా కాస్త వేగంగా వంగితే ఆ సెన్సరు పడిపోతున్నానని అనుకుని రికార్డింగ్ ఆపుతుంది. తేదీ, సమయం కూడా మళ్లీ పెట్టాలి.

రెండు నిమిషాలు రికార్డు చేసి సరే అనుకోవద్దు. అత్యుత్తమ నాణ్యతలో డిస్క్ నిండేదాకా ఒకసారి రాయించండి. సామర్థ్యం హద్దు దగ్గరి లోపాలు అక్కడే బయటపడతాయి. ఆ ఫైళ్లను కంప్యూటర్‌లోకి తెచ్చి మొదలు, మధ్య, చివర చూడండి. ముహూర్తానికి వాడేది ఆ తర్వాతే.

చివరగా దుకాణాల సంగతి. డిస్క్ మార్చిన చాలాచోట్ల పాతదాన్ని కస్టమరుకు తిరిగి ఇవ్వడం లేదు. అడిగేవారూ తక్కువ. ఆ డిస్క్‌లో మీ ఇంటి ఆడపిల్లల వీడియోలు, పిల్లల వీడియోలు ఉంటాయి. ఫార్మాట్ చేసినా తిరిగి తీయవచ్చని పైన చెప్పాం. అదే డిస్క్ మరొకరికి అమ్ముడుపోవచ్చు. కెమెరా ఇచ్చేటప్పుడే రసీదు మీద పాత డిస్క్ తిరిగి ఇవ్వాలని రాయించుకోండి. దుకాణంలో విప్పాక డిస్క్ లేబుల్ మీది సీరియల్ సంఖ్యకు ఫోటో తీసుకోండి, తిరిగి వచ్చినది అదేనో కాదో పోల్చండి. డిస్క్ పారేయాలనుకుంటే దాని అంతటా సున్నాలు రాయించి, అది కుదరకపోతే పళ్లేలను పగలగొట్టించి, కర్ణాటక కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల కేంద్రానికి ఇవ్వండి. 1.8 అంగుళాల డిస్కుల్లో చాలావాటి పళ్లెం గాజుది, పగిలేటప్పుడు పెంకులు ఎగురుతాయి. గుడ్డలో చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని చేయాలి.

ఇట్లు,
వీడియో పరికరాల మరమ్మతు పనిలో ఉన్న కొందరు తెలుగువారు,
బెంగళూరు